పన్నెండు సీసాల గోంగూర

మా పిన్నికి తెనాలిలో పచ్చళ్ళ వ్యాపారం ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్ళు, మూతలు బిగించే మిషను ఒకటి, నాలుగేళ్ళ కింద నేను కట్టిపెట్టిన వెబ్‌సైట్ ఒకటి. అంతే ఆస్తి. నేను ప్రోగ్రామర్‌ని కాను. గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తాను. టాలీ, ఎక్సెల్ దాటి పెద్దగా తెలియనివాణ్ణి. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద, అమ్మకాల కోసం వూకామర్స్ వేసుకుంటే కోడ్ రాయకుండానే దుకాణం తెరవచ్చని ఎవరో అంటే, వీడియోలు చూస్తూ రాత్రిళ్ళు కూర్చుని ఎలాగో నిలబెట్టాను.

మొన్న వేసవిలో, ఆవకాయ పని నెత్తి మీదున్న రోజుల్లో, హైదరాబాద్ నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. గోంగూర పచ్చడి, అరకిలో సీసాలు 12. క్యాష్ ఆన్ డెలివరీ. ఎవరింట్లోనో పెళ్ళి అయ్యుంటుందని పిన్ని మురిసిపోయింది. బాబాయ్ ఒక్కో సీసాకీ బబుల్ షీట్ చుట్టి, రెండు అట్టపెట్టెల్లో సర్ది పంపాడు. వారం తిరక్కుండా పెట్టెలు రెండూ వెనక్కొచ్చాయి. ఒక సీసా పగిలి, నూనె అట్టలోకి దిగి, షెడ్డంతా గోంగూర వాసన. రానూ పోనూ కొరియర్ ఖర్చు మాదే.

"ఒరేయ్, నీ వెబ్‌సైట్‌కి ఎక్కాలు రావట్రా?" అని ఫోన్ చేసింది పిన్ని.

ఆర్డర్ పెట్టినావిడకి నేనే ఫోన్ చేశాను. పెద్దావిడ. గొంతులో కోపం కంటే ఇబ్బందే ఎక్కువ వినిపించింది. "రెండు సీసాలే బాబూ నేను అడిగింది" అన్నారు. ఎలా పెట్టారో ఒకసారి చెప్పండమ్మా అంటే ఓపిగ్గా చెప్పారు. కార్టులో 1 అని ఉన్న గడి నొక్కారు. కీబోర్డు లేచింది. 2 కొట్టారు. కింద అప్‌డేట్ కార్ట్ అన్నది నొక్కి ముందుకెళ్ళారు.

ఆ 1 చెరిగిపోలేదు. దాని పక్కనే 2 వచ్చి కూర్చుంది. మొత్తం ఎంతయిందో చూసుకోలేదా అని అడగబోయి ఊరుకున్నాను. నా ఫోన్‌లో నేనే చేసి చూస్తే అచ్చం అదే జరిగింది మరి.

నాలుగేళ్ళుగా నాకు ఈ సంగతి కనపడకపోవడానికి కారణం ఉంది. నేను ఎప్పుడు చూసినా లాప్‌టాప్‌లోనే చూసేవాణ్ణి. అక్కడ అంకె గడి పక్కన పైకీ కిందికీ చిన్న బాణాలుంటాయి, మౌస్‌తో నొక్కితే అంకె మారుతుంది. ఫోన్ బ్రౌజర్లలో ఆ బాణాలు రావు. మా ఆర్డర్లలో మూడొంతులు ఫోన్ల నుంచే వస్తాయి. అంటే కొనేవాళ్ళలో ఎక్కువమందికి లేని బాణాలు నాకు ఉన్నాయన్నమాట.

గడికి అటు మైనస్, ఇటు ప్లస్. ఇంత చిన్న పని. ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేవచ్చనుకున్నాను. ఆ ఆదివారం కాక ఇంకో రెండు ఆదివారాలు పట్టింది.

ముందు అందరూ చేసేదే చేశాను, సైట్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఉచిత ప్లగిన్ ఒకటి వేశాను. ప్రొడక్ట్ పేజీలో బాగానే ఉంది. కార్టులో సైట్‌కి రూపాన్నిచ్చే మా థీమ్‌తో పడక, బటన్లు గడి పక్కన నిలబడకుండా కిందికి జారిపోయాయి. పైగా డాష్‌బోర్డులో దాని ప్రకటన ఒకటి తిష్ఠ వేసింది. అప్పటికే సైట్‌లో ఇరవై పైచిలుకు ప్లగిన్లున్నాయి. ఏది అప్‌డేట్ అయి ఏది చెడినా ఫోన్ వచ్చేది నాకే. రెండు బటన్ల కోసం ఇంకొకటి మొయ్యదల్చుకోలేదు, తీసేశాను.

కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళకి ఈ బాధ లేదు. 2023 నవంబర్‌లో వచ్చిన వూకామర్స్ 8.3 నుంచి కొత్త సైట్లకి బ్లాకులతో, అంటే ముక్కలు పేర్చినట్టు, కట్టిన కార్టే వస్తోంది, అందులో ప్లస్, మైనస్ పుట్టుకతోనే ఉంటాయి. మాది అంతకు ముందుది, పేజీలో ఒక చిన్న గుర్తు రాస్తే వచ్చే షార్ట్‌కోడ్ కార్టు. దాన్ని కూడా బ్లాకుల్లోకి మార్చెయ్యొచ్చు. కానీ మా కార్టు పేజీలో 'కొరియర్ వాళ్ళకి ఏమైనా చెప్పాలా?' అనే పెట్టె ఒకటి పాత పద్ధతిలో హుక్‌కి తగిలించి ఉంది. బ్లాకుల కార్టు ఆ పాత హుక్‌లని పట్టించుకోదు. ఆ పెట్టెలో జనం రాసేవి చదివితే తెలుస్తుంది అదెందుకు కావాలో. 'మధ్యాహ్నం నిద్రపోతాం, నాలుగు దాటాక రండి' అని ఒకరు. 'కుక్క ఉంది, అరుస్తుంది కానీ కరవదు' అని ఇంకొకరు. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక పాత కార్టుకే బటన్లు పెడదామనుకున్నాను.

హుక్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. గోడకి ముందే కొట్టి ఉంచిన మేకు లాంటిది. వూకామర్స్‌లో ఈ అంకె గడిని గీసే ఫైల్ ఒకటుంది, క్వాంటిటీ ఇన్‌పుట్ అని. అందులో గడికి ముందు ఒక మేకు, తర్వాత ఒక మేకు వదిలారు. ముందుదానికి మైనస్ తగిలించు, తర్వాతదానికి ప్లస్ తగిలించు, అయిపోయింది. ఆ ఫైల్‌నే కాపీ చేసుకుని థీమ్‌లో పెట్టి మార్చుకునే దారీ ఉంది. కానీ వూకామర్స్ వాళ్ళు అసలు ఫైల్‌ని మార్చిన ప్రతిసారీ మన కాపీ పాతబడుతుంది. మేకులే నయం.

ఆ నాలుగు లైన్లూ మా థీమ్‌కి అనుబంధంగా పెట్టుకున్న చైల్డ్ థీమ్‌లో, ఫంక్షన్స్ ఫైల్‌లో రాశాను. రాసింది నేరుగా నడుస్తున్న సైట్‌లో, హోస్టింగ్ వాళ్ళ ఫైల్ మేనేజర్‌లో. ఒక లైన్ చివర సెమీకోలన్ మర్చిపోయాను. సేవ్ కొట్టి సైట్ తెరిస్తే తెల్లటి పేజీ, మధ్యలో 'క్రిటికల్ ఎర్రర్' అని ఒక్క వాక్యం. దుకాణం లేదు, పచ్చళ్ళు లేవు. గుండె ఆగినంత పనైంది. సెమీకోలన్ దొరికేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ పిన్ని ఫోన్ చెయ్యకపోవడం నా అదృష్టం. అప్పుడు బుద్ధొచ్చి సైట్ మొత్తం కాపీ తీసి లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. ఆ తర్వాత తప్పులన్నీ అక్కడే చేశాను. దాదాపు అన్నీ.

బటన్లొచ్చాయి. ప్లస్ నొక్కాను. పేజీ మొత్తం ఒకసారి కన్ను మూసి తెరిచింది, గడిలో మళ్ళీ 1. ఇంకా దాని వెనక ఏ లెక్కా రాయనేలేదు, పేజీ ఎందుకు కదలాలి? ప్రొడక్ట్ పేజీలోకి వెళ్ళి నొక్కితే ఇంకా విడ్డూరం, సీసా నేరుగా కార్టులో పడింది. సంగతేమిటంటే, ఫారం లోపల పెట్టిన బటన్‌కి నువ్వు ఫలానా అని చెప్పకపోతే అది తనని తాను సబ్మిట్ బటన్ అనుకుంటుంది. నొక్కగానే ఫారం మొత్తాన్ని సర్వర్‌కి పంపించేస్తుంది. కార్టు ఫారం వెళ్ళినప్పుడు సర్వర్ చూస్తుంది: అప్‌డేట్ నొక్కారా? లేదు. కూపన్ నొక్కారా? లేదు. అయితే నాకేం పని లేదు, పో, అని పాత పేజీనే తిప్పి పంపుతుంది. ప్రొడక్ట్ పేజీలో అయితే మా పచ్చళ్ళకి పావు, అర, కిలో అని వేరియేషన్లున్నాయి కాబట్టి, కార్టులో వెయ్యమనే మాట ఫారంలోనే దాగి ఉంటుంది. ఫారం కదిలితే చాలు, సరుకు పడిపోతుంది. మందేమో చిటికెడు. బటన్ టైప్ దగ్గర 'బటన్' అని రాయాలి. బటన్‌కి కూడా, నువ్వు బటన్‌వేనయ్యా అని ఎవరో ఒకరు చెప్పాలన్నమాట.

ఇప్పుడు జావాస్క్రిప్ట్, బ్రౌజర్‌లో నడిచే భాష. ప్లస్ నొక్కితే గడిలో ఉన్నదానికి ఒకటి కలుపు. రాశాను, నొక్కాను.

11.

కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆ పెద్దావిడకి 12 ఎలా వచ్చిందో నాకు 11 అలాగే వచ్చింది. గడిలో ఉన్నది మన కంటికి అంకె కానీ, జావాస్క్రిప్ట్‌కి అది అక్షరం. అక్షరాన్నీ అంకెనీ ప్లస్‌తో కలిపితే అది కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. మళ్ళీ నొక్కితే 111. పదిహేనేళ్ళుగా ఎక్సెల్‌లో బతికినవాణ్ణి నేను. అక్కడ కొటేషన్లలో పెట్టిన 1 కి 1 కలిపినా 2 అనే వస్తుంది, అతికించాలంటే దానికి వేరే గుర్తుంది. ఇక్కడ ఒకే గుర్తుకి రెండు ఉద్యోగాలిచ్చారు. తమాషా ఏమిటంటే మైనస్ మొదటి నుంచీ సరిగ్గానే పనిచేసింది. అక్షరాల్లోంచి తీసివేసే పని లేదు కాబట్టి అక్కడ బుద్ధిగా అంకెలు చేసుకుంటుంది. రెండింట్లో ఒకటే చెడితే తప్పు నీదేనన్న నమ్మకం పోదు. లెక్కని నాలుగు రకాలుగా తిరగరాశాక గానీ, ముందు దాన్ని అంకెగా మార్చుకోవాలని తట్టలేదు.

అంకె చేశాను. కొన్ని పచ్చళ్ళకి ప్లస్ పనిచేస్తోంది, కొన్నిటికి చలనం లేదు. మాగాయ పెరుగుతుంది, నిమ్మకాయ పెరగదు. మాగాయకి పిన్ని స్టాక్ లెక్క పెట్టించింది, అందుకని గడికి గరిష్ఠం ఉంది. నిమ్మకాయకి స్టాక్ లెక్క లేదు, గరిష్ఠం ఖాళీ. ఖాళీని నేను రాసిన పద్ధతిలో అంకె చెయ్యమంటే జావాస్క్రిప్ట్ 'అంకె కాదు' అనే వింత విలువ ఒకటి ఇస్తుంది. దానితో దేన్ని ఎక్కువా, తక్కువా అని పోల్చినా జవాబు కాదనే. 'గరిష్ఠం కంటే తక్కువుంటేనే పెంచు' అని నేను రాసిన షరతు నిమ్మకాయ దగ్గర ఎప్పటికీ నెగ్గదు. దాన్నీ సరిచేశాక, రెండో ఆదివారం సాయంత్రం తెలిసిందేమిటంటే, అంకె గడికి స్టెప్ అప్, స్టెప్ డౌన్ అని రెండు సొంత పనులు బ్రౌజర్‌లోనే ఉన్నాయట. కనిష్ఠం, గరిష్ఠం, ఎంతెంత పెంచాలి, అన్నీ అదే చూసుకుంటుంది. నేను చెమటోడ్చి రాసిన పన్నెండు లైన్లు చెరిపేసి ఒక్క లైన్ పెట్టాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

గడిలో 1, 2, 3 చక్కగా మారుతున్నాయి. కింద మొత్తం మాత్రం మారదు. అప్‌డేట్ కార్ట్ బటన్ బూడిద రంగులోనే ఉంది, నొక్కనివ్వదు. చేత్తో గడిలో అంకె కొడితే మాత్రం వెంటనే మేలుకుంటోంది.

అసలు విషయమంతా ఇక్కడుంది. అకౌంట్స్ వాణ్ణి కాబట్టి నాకు అర్థమైన భాషలో చెబుతాను. గడిలో కనపడే అంకె చిత్తు కాగితం మీద రాసుకున్నది. అసలు కార్టు సర్వర్‌లో ఉంటుంది, అది లెడ్జర్. చిత్తు కాగితంలో ఎంత రాసినా లెడ్జర్‌లో ఎక్కనిదే బిల్లు మారదు. చేత్తో అంకె మారిస్తే బ్రౌజర్ 'ఇక్కడ మార్పు జరిగింది' అని కేకేస్తుంది, ఆ కేక విని అప్‌డేట్ బటన్ లేస్తుంది. మన కోడ్ అంకె మారిస్తే బ్రౌజర్ కిక్కురుమనదు. కేక కూడా మనమే వెయ్యాలి.

వేశాను. అయినా లేవలేదు. మార్పు అనే ఈవెంట్‌ని గడి దగ్గర పుట్టించాను, గడికి వినపడింది కూడా. వూకామర్స్ మాత్రం గడి దగ్గర కూర్చుని వినట్లేదు, పేజీ మొత్తానికి పైన కూర్చుని కింద నుంచి వచ్చే కేకల కోసం చూస్తోంది. మామూలు కేక దానంతటదే కింద నుంచి పైకి, గడి నుంచి వరసకి, వరస నుంచి ఫారానికి, అలా తేలుతూ పోతుంది. దీన్ని బబ్లింగ్ అంటారు. మనం కోడ్‌తో పుట్టించిన ఈవెంట్ మాత్రం తేలదు, పుట్టినచోటే ఉండిపోతుంది, బబుల్స్ అన్నచోట 'అవును' అని రాస్తే తప్ప. మాకు బబుల్ అంటే సీసాలకి చుట్టే షీటే తెలుసు. ఈ ఒక్క 'అవును' కోసం ఒక రాత్రంతా పోయింది. అది రాయగానే అప్‌డేట్ బటన్ రంగు మారింది చూడండి, పొద్దున నాలుగింటి దాకా కూర్చున్నవాణ్ణి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇంక ఆ అప్‌డేట్ బటన్‌ని జనం చేత నొక్కించడం దేనికి? మన కోడే నొక్కేస్తే సరి. నొక్కించాను. ప్లస్ ఒకసారి కొట్టగానే కార్టు పలచబడి, చక్రం తిరిగి, కొత్త మొత్తం వచ్చింది. సంబరంగా రెండోసారి కొట్టాను. కదలదు. ఉలకదు, పలకదు. పేజీ రీఫ్రెష్ చేస్తే మళ్ళీ ఒక్కసారికి పనిచేస్తుంది.

దీని కారణం ఊహించడానికి పెద్దగా టైం పట్టలేదు, అప్పటికి కాస్త ఒళ్ళు వంగింది. అప్‌డేట్ అయినప్పుడు వూకామర్స్ పాత ఫారాన్ని పీకేసి, సర్వర్ నుంచి వచ్చిన కొత్త ఫారాన్ని అదే చోట పెడుతుంది. కంటికి అవే బటన్లు, కానీ ఇవి వేరే. నొక్కితే వినే చెవులు నేను తగిలించింది పాత బటన్లకి, అవి చెత్తబుట్టలోకి పోయాయి. ఒక్కో ఇంటి ముందూ కాపలా మనిషిని పెట్టడం కాదు, వీధి మొదట్లో ఒక్క వాచ్‌మన్‌ని పెట్టాలి. ఇళ్ళు కూలగొట్టి కట్టినా అతను అక్కడే ఉంటాడు. పేజీ బాడీ మీద ఒకే చెవి పెట్టి, నొక్కింది ప్లస్సా మైనస్సా అని చూసుకునేలా మార్చాను. బటన్లని హుక్‌తో సర్వర్ వైపు నుంచి పెట్టడం ఇక్కడ కలిసొచ్చింది. జావాస్క్రిప్ట్‌తో అతికించి ఉంటే బటన్లే మాయమయ్యేవి.

తర్వాతి సమస్య తొందర. నాలుగు సీసాలు కావాలంటే ప్లస్ టకటకా మూడుసార్లు కొడతారు. ప్రతి దెబ్బకీ సర్వర్‌కి పరుగు, ప్రతిసారీ చక్రం, మధ్యలో నొక్కినవి గాలికి. మన ఆర్టీసీ కండక్టర్ ఏం చేస్తాడు? ఒకరు ఎక్కగానే రైట్ రైట్ అనడు, వెనక ఇంకెవరైనా పరిగెత్తుకొస్తున్నారేమో చూసి అప్పుడు అంటాడు. అదే పెట్టాను. నొక్కినప్పుడల్లా టైమర్ మొదటికొస్తుంది. ఒక సెకను పాటు ఎవరూ ఏమీ నొక్కకపోతే అప్పుడు రైట్.

మైనస్ గురించి పిన్నికీ నాకూ చిన్న వాదన నడిచింది. వూకామర్స్ కార్టులో కనిష్ఠం 0. ఒకటి మీద మైనస్ కొడితే 0 అయి సరుకే ఎగిరిపోతుంది. "పోతే పోనీరా, వద్దనుకునే కదా నొక్కుతారు" అంది పిన్ని. నేను ఒప్పుకోలేదు. వేలు జారి సరుకు పోగొట్టుకున్నవాడు మళ్ళీ వెతుక్కోడు, అలిగి పోతాడు. తీసెయ్యడానికి పక్కన ఇంటూ గుర్తు ఉండనే ఉంది, అది నొక్కితే వెనక్కి తెచ్చుకునే లింక్ కూడా పైన కనపడుతుంది. కాబట్టి 1 దగ్గర మైనస్ పనిచెయ్యదు, మసకబారుతుంది. ఈ ఒక్క విషయంలో నా మాట నెగ్గింది.

అయితే "కాజాలు కిలో లెక్క కదా, అర, అర పెంచేలా పెట్టు" అని ఇంకోటి పురమాయించింది. ఎంతెంత పెంచాలో 0.5 అని మార్చి చూశాను. గడిలో 1.5 అయింది, సర్వర్ నుంచి 1 అయి తిరిగొచ్చింది. వూకామర్స్ మామూలుగా పూర్ణాంకాలే నమ్ముతుంది, చుక్క తర్వాతది కత్తిరించేస్తుంది. దాన్ని మార్చే మార్గం ఉంది కానీ, స్టాక్ లెక్కలోకి చుక్కలు దూరితే నెలాఖర్లో ఆ తలనొప్పి ఎవరికో నాకు తెలుసు. అరకిలో ప్యాకెట్‌నే వేరియేషన్ చేసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టించాను.

రూపం మీద ఎక్కువ సేపు కూర్చోలేదు. పాత బాణాలు లాప్‌టాప్‌లో ప్లస్ పక్కన ఇంకా తొంగి చూస్తుంటే రూపం సంగతి చూసే సీఎస్ఎస్‌తో దాచాను. మైనస్‌కి కీబోర్డు మీది హైఫన్ పెడితే ప్లస్ పక్కన పొట్టిగా, కిందికి జారినట్టుంది. అసలైన మైనస్ గుర్తు వేరే ఉంది, అది పెడితే రెండూ కవలల్లా కుదిరాయి. చూపు లేనివాళ్ళ ఫోన్ చదివి వినిపించేటప్పుడు ఉత్త గుర్తు కాకుండా 'ఒకటి పెంచు', 'ఒకటి తగ్గించు' అని వినపడేలా లేబుళ్ళు పెట్టాను. సైజు మాత్రం పిన్ని బొటనవేలే తేల్చింది. స్క్రీన్ కొలతల్లో ఐఫోన్ వాళ్ళు కనీసం 44 అంటారు, ఆండ్రాయిడ్ వాళ్ళు 48 అంటారు, నేను అందంగా ఉంటుందని 32 పెట్టుకుని తెనాలి వెళ్ళాను. పిన్ని అప్పుడే ఆవకాయ కలిపి వచ్చింది. కొంగుకి తుడుచుకున్నా వేళ్ళకి నూనె మెరుస్తూనే ఉంది. ఫోన్ అందుకుని ప్లస్ నొక్కబోతే వేలు గడి మీద పడి కీబోర్డు లేచింది. ఇంకోసారీ అంతే. మూడోసారికి నా మొహం చూసింది. స్క్రీన్ మీద ఎర్రటి నూనె మరక, సరిగ్గా గడికీ ప్లస్‌కీ మధ్య. అక్కడే కూర్చుని 48 చేశాను.

డల్లాస్‌లో ఉండే మా అక్క విజయవాడలో వాళ్ళ అత్తమామలకి మా దగ్గర్నుంచే పచ్చళ్ళు పంపిస్తుంటుంది. తన ఐఫోన్‌లో చూడమంటే, ప్లస్ గబగబా కొడితే పేజీ పెద్దదైపోతోందని వీడియో తీసి పంపింది. రెండు వేగమైన దెబ్బల్ని ఫోన్ 'జూమ్ చెయ్యి' అనుకుంటోంది. బటన్ల మీద టచ్ యాక్షన్ అనే ఒక లైన్‌తో అది ఆగింది.

మూడో ఆదివారం రాత్రి అసలు సైట్‌లో ఎక్కించాను. పిన్నికి ఫోన్ చేసి చూడమన్నాను. "ఏం మారలేదురా, బటన్లు ఉన్నాయి కానీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు" అంది. అదే పేజీ నా ఫోన్‌లో పరిగెడుతోంది. మొన్న పరీక్షకని పెట్టిన సగం ఫైల్ ఆవిడ ఫోన్ దాచుకుని, దాన్నే వాడుతోంది. స్క్రిప్ట్ ఫైల్‌కి వెర్షన్ నంబర్ ఒకటి పెంచి, పేజీల కాపీలు దాచే కాష్ ప్లగిన్‌లో పాతవి తుడిచాక గానీ కొత్తది వెళ్ళలేదు.

వారం రోజులు హాయిగా గడిచింది. ఎనిమిదో రోజు ఆఫీసులో ఉండగా ఫోన్. నరసరావుపేట ఆయనెవరో నాలుగు ఆవకాయ సీసాలు పెట్టి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, పార్సిల్ విప్పితే ఒకటే ఉందట. నేను బల్ల కింద లాప్‌టాప్ తెరిచి చూశాను. ఆర్డర్‌లో 1, కట్టింది ఒకదానికే. ఆయన మాత్రం గడిలో 4 చూశానని ఒట్టేస్తున్నాడు. 

"మొన్న రెండడిగితే పన్నెండు. ఇవాళ నాలుగడిగితే ఒకటి. మధ్యలో ఎక్కడా ఆగదట్రా నీ లెక్క?" అంది పిన్ని.

ఆయన అబద్ధం చెప్పట్లేదని ఆ రాత్రి అర్థమైంది. కార్టులో ఒక్క రకమే ఉంటే, ఫోన్‌లో చెకౌట్ బటన్ ప్లస్‌కి బెత్తెడు దూరంలో, బొటనవేలు కిందే ఉంటుంది. టకటకా మూడు కొట్టి అదే ఊపులో చెకౌట్ కొడితే, నా కండక్టర్ ఇంకా ఆ ఒక్క సెకనూ వెనక్కి చూస్తూ నిలబడి ఉన్నాడు. రైట్ చెప్పకముందే ఆయన వేరే బస్సెక్కేశాడు. చిత్తు కాగితంలో 4, లెడ్జర్‌లో 1. నేను లాప్‌టాప్‌లో మౌస్‌ని తీరిగ్గా ప్లస్ నుంచి చెకౌట్ దాకా నడిపించుకుంటూ వెళ్ళేసరికి ఆ సెకను ఎప్పుడూ అయిపోయేది. కొనేవాళ్ళకి లేని బాణాలు నాకున్నట్టే, కొనేవాళ్ళకి లేని తీరిక కూడా నాకే ఉంది.

టైమర్ సెకను నుంచి అర సెకనుకి తగ్గించాను, కానీ దానితో అవకాశం తగ్గుతుందే తప్ప పోదు. అందుకని ప్లస్ గానీ మైనస్ గానీ నొక్కిన క్షణం నుంచి చెకౌట్ బటన్ మసకబారి, దాని మీద 'లెక్క చూస్తున్నాం' అని వస్తుంది, నొక్కనివ్వదు. సర్వర్ జవాబు రాగానే మొత్తాల పెట్టె ఎలాగూ కొత్తగా వస్తుంది, దానితో పాటే తాజా చెకౌట్ బటన్ కూడా. మరి నెట్ పోయి జవాబే రాకపోతే? 8 సెకన్లు చూసి పేజీని తనే మళ్ళీ లోడ్ చేస్తుంది. అప్పుడు గడిలో ఉండేది సర్వర్ నమ్ముతున్న అంకె, అంటే లెడ్జర్ అంకె. తప్పైనా కంటికి కనపడే తప్పు.

నరసరావుపేట ఆయనకి మిగతా మూడూ కొరియర్ ఖర్చు లేకుండా పంపి, డబ్బు ఫోన్‌పేలో తీసుకున్నాం. ఆ తర్వాత గడుల దగ్గర గొడవ రాలేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ప్రతి అప్‌డేట్ తర్వాత వూకామర్స్ 'కార్ట్ అప్‌డేట్ అయింది' అనే పచ్చ పట్టీ చూపించడానికి పేజీని పైకి లాగేస్తుంది. కింద వరసలో ఉన్న కాకరకాయ కారం పెంచుతున్నవాళ్ళు ఒక్కసారిగా పైన ఆవకాయ దగ్గర తేలతారు. మొన్న వెళ్ళినప్పుడు పిన్ని ఫోన్ చేతిలోకి తీసుకుని ప్లస్ కొట్టింది, పేజీ ఎగిరింది. మళ్ళీ కిందికి జరుపుకుని కొట్టింది, మళ్ళీ ఎగిరింది.

"ఇదెందుకురా ఇట్టా గంతులేస్తది?"

"చూస్తాలే పిన్నీ. ఇరవయ్యో తారీఖు దాటనీ, జీఎస్టీ రిటర్నులున్నాయి."